మావ నొక్కి చూస్తేనే

మొన్న మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "అక్కా, మా తమ్ముడు గేమింగ్ కంప్యూటర్ కొనుక్కుంటాడంట. తక్కువలో అయిపోవాల. ఏ ప్రాసెసర్, ఏ కార్డు అయితే బాగుంటాదో నువ్వు సెప్పు, నీకు ఇంట్లో ఉన్నాది కదా" అంది. వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "ముందు పెట్టె చేత్తో పట్టుకుని బరువు చూశాడా?" ఆ పిల్ల బిక్కమొహం వేసింది. ఫోన్లో ఆర్డరు పెట్టేవాడు పెట్టె ఎలా పట్టుకుంటాడు? నా మీద నాకే ఒళ్ళు మండింది. అది నా మాట కాదు, మా మావ మాట. పోయిన వానాకాలంలో కన్నుమూసిన మనిషి, ఇంకా నా నోట్లో కూర్చుని బేరాలు ఆడుతున్నాడు.

మావ అంటే మా అమ్మకి స్వయానా అన్న. ఆయనది సముద్రం ఒడ్డున ఊరు. చీకటితో లేచి ఒడ్డుకు వెళ్ళి, పడవలు తెచ్చిన చేపల్ని వేలంపాటలో కొని, ఐసు పెట్టెల్లో వేసి, ఆటోలో మేముండే శ్రీకాకుళం తెచ్చి బజార్లో అమ్ముకునే ఆడవాళ్ళకి పంచేవాడు. ఆ వ్యాపారానికి ఆయన పెట్టుబడి కుడిచేతి బొటనవేలు. దాంతో చేప మొప్ప వెనక ఒక్క నొక్కు నొక్కేవాడు. గుంటపడిన చోటు వెంటనే పైకి లేచిందా, తాజా సరుకు. గుంట గుంటగానే ఉండిపోయిందా, "పోనాది, ఒగ్గీ" అని వదిలేసేవాడు. మావ నొక్కి తల ఊపిన గంపకి మిగతావాళ్ళు మారుమాట లేకుండా పాట పెంచేవారు. మావ నొక్కి మొహం తిప్పుకున్న గంపని పిల్లులు కూడా ముట్టుకోవని మా అమ్మ గొప్పగా చెప్పేది.

సరే, చేపల్ని నొక్కుకో, ఎవరొద్దన్నారు? మావ ఈ లోకంలో ఉన్న సమస్తాన్నీ నొక్కేవాడు. పరుపు నొక్కేవాడు. కుక్కరు మూత నొక్కేవాడు. సైకిల్ సీటు, గొడుగు పిడి, సీలింగ్ ఫ్యాన్ రెక్క. మేం ఇల్లు కట్టుకున్నప్పుడు సిమెంటు ఆరకముందే గోడ నొక్కి, "మెత్తగున్నాదే!" అని మేస్త్రీని పిలిచి చీవాట్లు పెట్టాడు. పచ్చి సిమెంటు మెత్తగా కాక ఎలా ఉంటుంది చెప్పండి!

మా చుట్టాల్లో దువ్వెన కన్నా పెద్ద వస్తువు ఏది కొనాలన్నా మావ రావలసిందే. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడ చుట్టూ తెల్లగా కనిపించేంత పౌడరు, దాని వెనకాల నుంచి సన్నగా చేపల వాసన. షాపులోకి నేరుగా వెళ్ళడు. గుమ్మంలో ఆగి, చెప్పులు విడిచి, ఊరంతా వినబడేలా "ఏటున్నాది?" అంటాడు. మనకేం కావాలో చెప్పడు. వాళ్ళ దగ్గర ఏముందో వాళ్ళే చెప్పాలి. ఆ తర్వాత షాపువాడి సొంత కుర్చీలో కూర్చుని, పంచదార బాగా వేసి ఒక టీ తెమ్మంటాడు. టీలో పంచదార తక్కువైతే బేరం అక్కడికక్కడే చెడిపోయినట్టే లెక్క.

ఇక నా సంగతి. నాకు కంప్యూటర్లో ఆటలాడుకోవాలని చిన్నప్పటి నుంచీ ప్రాణం. మా అరసవల్లి రోడ్డులో ఒక నెట్ సెంటర్ ఉండేది. మొగపిల్లలు వరసగా కుర్చీల్లో కూర్చుని కార్లు తోలుతుండేవారు. నేను వెళ్తే సెంటరువాడు పక్కనే ఖాళీ కుర్చీ పెట్టుకుని "సీటు నేదమ్మా" అనేవాడు. అప్లికేషన్ ప్రింట్ తీయించుకునే వంకతో వెళ్ళి, వాళ్ళ వీపుల వెనక నిలబడి చూసి వచ్చేదాన్ని. వాళ్ళు మలుపు దగ్గర బోల్తా కొడుతుంటే నా చేతులు దురదపెట్టేవి. ల్యాబ్ టెక్నీషియన్నయి, పొద్దస్తమానం జనాల చేతులకి సూదులు గుచ్చి, నా జీతంలోంచి దాచుకుని, ఒక గేమింగ్ కంప్యూటర్ కొనుక్కుందామనుకున్నాను. చదువు కోసమనో, ఆఫీసు పని కోసమనో అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. ఆడుకోడానికే అన్నాను.

"ఆడుకోడానికా!" అంది అమ్మ. చాటలో బియ్యం ఏరుతున్నది ఏరుతున్నట్టే ఆపేసింది. "కార్తీకంలో అంతమంది సుట్టాల ముందు పెళ్ళికెల్లాల. ఉజ్జోగం సేస్తన్న పిల్ల బోసిమెడతో నిలబడితే నా పరువేటవుతాది? ఆ డబ్బులెట్టి గొలుసు సేయించుకో."

వారం రోజులు ఇల్లు పీకి పందిరేశాం ఇద్దరం. నాన్న మా ఇంట్లో అమ్మ తీర్పుల మీద అప్పీళ్ళు వినరు కాబట్టి ఆయన పేపరు చదువుకున్నారు. ఆఖరికి అమ్మే ఒక మెట్టు దిగింది. "సరే, మీ మావ ఒచ్చి, నొక్కి సూసి, బాగుందంటే కొనుక్కో. దసరా ఎల్లేలోగా కంప్యూటర్ ఇంట్లో ఉండాల. నేదంటే ఆ డబ్బులు గొలుసుకే. మరి నానేటీ ఇనను."

దసరా అంటే ఇంకా బోలెడు కాలం ఉందిలే అనుకున్నాను. మావని లెక్కలోకి తీసుకోలేదు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనబెట్టుకున్నట్టు ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

దారిలో ఆటోలో ఆయనకి పాఠం చెప్పాను. "మావా, ప్రాసెసర్ అంటే దాని తలకాయ. గ్రాఫిక్స్ కార్డు అంటే బొమ్మలు గీసేది. మన దగ్గర డబ్బులు తక్కువ. అందుకని తలకాయ ఓ మోస్తరుది తీసుకుని, మిగిలిందంతా కార్డు మీద పెట్టాలి."

మావ గడ్డం గోక్కున్నాడు. "అంటే తలకాయ సిన్నది, ఒళ్ళు పెద్దది. సందువా సేప లాగ."

"అవును, అలాగే" అన్నాను. ఆ ఒక్క 'అవును' నా కొంప ముంచింది. ఆ క్షణం నుంచి మావకి కంప్యూటర్ గురించి తెలియనిది లేదు.

షాపులో ర్యామ్ చూపించమన్నాను. షాపాయన దొంతరలో పైనున్న పెట్టె తీశాడు. మావ చెయ్యి అడ్డం పెట్టాడు. "అది కాదు. అడుగుది తియ్యి."

"అన్నీ ఒకటే బాబాయ్, సీలు కూడా తియ్యలేదు."

"అన్నీ ఒకటే అయితే అడుగుదిచ్చినా ఒకటే గదా."

షాపాయన దొంతర మొత్తం దింపి అడుగుది తీశాడు. మావ నా వైపు తిరిగి, పక్క షాపుకి కూడా వినబడే రహస్యం చెప్పాడు: "గంపలో పైసేప సూపించడానికేనే గుంటా. అమ్మీది అడుగుదే." తర్వాత దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, నా చేతిలో పెట్టాడు. "పట్టుకు సూడు. నున్నగున్నాదా, గరుగ్గున్నాదా? సల్లగున్నాదా?" ప్రతి వస్తువుకీ ఇదే పరీక్ష. నున్నగా ఉంది మావా అంటే "ఊఁ" అనేవాడు. నాకు విద్య నేర్పిస్తున్నాననుకుంటున్నాడు కాబోలని పళ్ళు నూరుకునేదాన్ని.

తీరా ధర మాట్లాడే వేళకి మావ లేచి బయటికి నడిచాడు. వెనకాలే పరిగెత్తాను. ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

"ఏంటి మావా?"

"ఎండెక్కనీ. ధర దిగుతాది."

ఒడ్డున అలాగే జరుగుతుందట. పొద్దున్నే బింకంగా ఉన్న పడవవాడు ఎండ నెత్తికెక్కేసరికి, ఐసు కరిగేసరికి, కాళ్ళబేరానికి వస్తాడట. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "మావా, అది చేప! కుళ్ళిపోతాది కాబట్టి ధర దిగుతాది. ఇది కుళ్ళదు! సాయంత్రం దాకా కూర్చున్నా అదే ధర!"

మావ టీ చప్పరించాడు. "కుళ్ళనిది ఏటుందే ఈ లోకంలో?"

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం. నాకు ఆ పూట సెలవు దండగ. ధర దిగలేదు. షాపాయన భోజనానికి తలుపులు వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి వారం మళ్ళీ వెళ్తే అదే ర్యామ్ ధర పెరిగి కూర్చుంది. మావకి బాధ లేదు, సిగ్గు లేదు. "తుపానేదో వస్తంది గావాల, అందుకే పెంచినాడు" అన్నాడు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. కొత్తది నాకు అందే ధరలో లేదు. ఎంతో వెతికితే విజయనగరంలో ఒకాయన తన పాతది అమ్ముతున్నాడని తెలిసింది. నాకు కావలసిన కార్డే, పెద్దగా వాడింది కూడా లేదట. ఫోన్లో బతిమాలి ఒప్పించాను. రైల్వే స్టేషన్లో కలుద్దామన్నాడు. మావని వద్దన్నాను. అమ్మ కళ్ళెర్రజేసింది. మావ వచ్చాడు.

కార్డు అమ్మే ఆయన ప్లాట్‌ఫారం బెంచీ మీద పాత తువ్వాలు పరిచి, కార్డు జాగ్రత్తగా బయటికి తీశాడు. చేతికందేంత దూరంలో ఉంది. మావ వంగి, ముక్కు దానికి ఆనించి, ఒక్క పీల్పు పీల్చాడు. తర్వాత నిటారుగా నిలబడి తీర్పు చెప్పాడు.

"బాబూ, నీ మొగం సూస్తే మంచోడివే. నీ సరుకే ఐసులో శానా రోజులు పడుకున్నాది."

"అంటే ఏంటండీ?"

"కమిలిపోనాది అంటన్నాను."

ఆయన మొహం మాడిపోయింది. నేను అడ్డం పడి, "సార్, మా మావ చేపల మనిషండి, పట్టించుకోకండి" అంటున్నాను. ఆయన తువ్వాలు మూట కట్టేశాడు. "నాకు చేపల మార్కెట్లో అమ్ముకోవలసిన ఖర్మ లేదమ్మా" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ కార్డు నిజంగా కమిలిందో, బంగారంలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. తిరుగు ప్యాసింజర్లో గరివిడి దాటేదాకా నేను మావతో మాట్లాడలేదు. ఆయన వేరుశనగలు కొని పొట్లం నా ముందు పెట్టాడు. నేను తీసుకోకపోతే తనే తినేశాడు.

ఆయన ప్రతి మాటా తప్పయితే వదిలించుకోడం తేలికగా ఉండేది. నా దురదృష్టం, ఒక్కసారి ఒప్పయింది. కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా ఒకటుంటుంది, ఎస్‌ఎంపీఎస్ అంటారు. డబ్బులు మిగల్చాలని నేను చవకది ఎంచుకున్నాను. మావ దాన్నొక చేతిలో, ఇంకో కంపెనీదాన్ని ఇంకో చేతిలో పట్టుకుని, ఒడ్డున చేపల్ని తూచినట్టు పైకీ కిందికీ ఆడించాడు. "ఇది డొల్ల. లోన ఏటీ నేదు. ఇంకోదే కండ" అన్నాడు. షాపాయన గొంతు తగ్గించి, "నిజమే అమ్మా, అది బరువు లేనిది, ఎప్పుడైనా ఢామ్మంటుంది" అని ఒప్పుకున్నాడు. అంతే. మావ ఆ షాపుకి అల్లుడైపోయాడు. మా వీధిలో కనబడ్డ ప్రతివాడినీ ఆపి, "మీ కంప్యూటర్లో కరెంటు డబ్బా ఎంత బరువున్నాదిరా?" అని అడగడం మొదలుపెట్టాడు. కంప్యూటర్లే లేనివాళ్ళని కూడా.

ఇలా ఒక్కొక్కటీ కూడబెట్టుకుని, ఆఖరికి నా తాహతుకి తగిన కొత్త కార్డే, నేననుకున్నదానికన్నా ఒక మెట్టు తక్కువది తీసుకుని, దసరాకి ముందు వారానికి సామానంతా ఒక చోటికి చేర్చాను. షాపాయనే బిగించి ఇస్తానన్నాడు. ఆ రోజు పొద్దున్న నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తలంటుకుని, కొత్త చుడీదార్ వేసుకుని వెళ్ళాను.

"మావా, నీకు దణ్ణం పెడతాను. చేతులు కట్టుకుని ఆ కుర్చీలో కూర్చో. ఇవాళ ఏమీ నొక్కొద్దు" అన్నాను.

"నాకేటి పనే" అని కూర్చున్నాడు.

షాపాయన బల్ల మీద సామాను పరిచాడు. క్యాబినెట్, అంటే సామానంతా లోపల పెట్టే పెట్టె, ఇక్కడ కూడా డబ్బు మిగుల్చుకున్నాను కాబట్టి పల్చటి రేకుది. ప్రాసెసర్‌ని దాని ప్లాస్టిక్ పెట్టెలోంచి తీసి పక్కన ఉంచాడు. నలుచదరంగా, పెద్ద బిస్కెట్ అంత. దాని అడుగున బంగారు పూత పూసిన సన్నటి సూదులు గడ్డిమొలకల్లా వరసలు వరసలుగా ఉంటాయి. ఆ సూదులు మదర్‌బోర్డు మీద రంధ్రాల్లో దిగాలి. ఒక్కటి వంగినా పని చెడుతుంది. అది చెప్పి, "ముట్టుకోవద్దు బాబాయ్" అని కూడా చెప్పి, షాపాయన మోగుతున్న ఫోన్ తీసుకోడానికి అటు తిరిగాడు. నేను మానిటర్ పెట్టె కత్తిరించడానికి కిందికి వంగాను. ఎంతసేపు వంగి ఉంటాను? టేపు చింపేంతసేపు.

"ఇదేటే, నొక్కితే మళ్ళీ లెగడం నేదు?"

తల ఎత్తాను. మావ నిలబడి ఉన్నాడు. ఎడమ చేతిలో నా ప్రాసెసర్. దాని సూదుల మీద కుడిచేతి బొటనవేలు.

లాక్కున్నాను. ఒక మూలంతా గాలివానకి పడిపోయిన వరిచేనులా ఒరిగిపోయింది. రెండు మూడు సూదులు ఊడిపోయాయి. షాపాయన చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది ఇక పనికిరాదమ్మా. చేత్తో నొక్కింది కంపెనీవాడు వెనక్కి తీసుకోడు."

నాకు ఎక్కడలేని ఆవేశమూ వచ్చింది. "ఇన్ని నెలలు! నోరు మూసుకుని నీ వెనకాల తిరిగాను. అడుగు పెట్టె అంటే అడుగు పెట్టె, ఎండెక్కాలంటే ఎండెక్కాలి. వాసనలు చూశావు, రుచి ఒక్కటే చూడలేదు! ఆఖరికి నా నెత్తిన రాయేశావు. ఇది చేప కాదు, ఇది చేప కాదు అని ఎన్నిసార్లు చెప్పాను మావా!"

మావ నా చేతిలోని ప్రాసెసర్‌కేసే చూస్తున్నాడు. నేనూ దానికేసి చూశాను. అప్పుడు కనబడింది, ప్రాసెసర్ మీద ఎర్రగా. నా అలవాటు కొద్దీ ముందు నా వేళ్ళు చూసుకున్నాను, ఎక్కడైనా తెగిందేమోనని. ఏమీ లేదు. మావ చేతివైపు చూశాను. బొటనవేలు అడ్డంగా, లోతుగా కోసుకుపోయి ఉంది. రక్తం మణికట్టు మీదుగా కారి, తెల్ల చొక్కా అంచు తడిసిపోతోంది. పక్కనున్న క్యాబినెట్ రేకు అంచుకి కూడా రక్తం. అంతకుముందే ఆ రేకు తడిమి చూశాడన్నమాట.

"మావా, వేలు తెగింది."

"ఏ ఏలు?" అని రెండు చేతులూ తిప్పి వెతుక్కున్నాడు.

నా కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. రోజూ ఎంతమందికి షుగరు పరీక్షలు చేస్తున్నాను! కాళ్ళు మొద్దుబారి, మేకు దిగినా తెలియనివాళ్ళని ఎంతమందిని చూశాను! సొంత మావని చూడలేదు. చూడనిచ్చాడా అసలు? ల్యాబ్‌కి రా మావా, ఒక్క చుక్క తీసి చూస్తానంటే, "రగతం తీస్తే బలం పోతాది" అని ఎన్ని ఏళ్ళు తప్పించుకు తిరిగాడు!

షాపు మెట్ల మీద కూర్చోబెట్టి, వేలు కడిగి, నా చున్నీ అంచు చింపి కట్టు కట్టాను.

"ఎన్నాళ్ళ నుంచి ఇలాగ?"

"పోయినేడు సేపల ఏట నిషేధం అయినాక పడవలు దిగినాయి సూడు, అప్పట్నించి. మొదట్లో తిమ్మిరనుకున్నాను."

"మరి ఒడ్డున చేపలెలా కొంటున్నావు?"

"కన్ను సూసి, మొప్ప సూసి, వాసన సూసి. నొక్కినట్టు నొక్కుతాను. మొగం ఎప్పుడూ ఎట్టినట్టే ఎడతాను." కట్టు చూసుకుంటూ అన్నాడు, "నీ సరుక్కి అదీ పనిసెయ్యనేదు. అందుకే నిన్ను పట్టుకు సూడమన్నాను. నువ్వు నున్నగున్నాదంటే నున్నగున్నాదనుకున్నాను."

గట్టిగా తిట్టాలనిపించింది, ఆయన చెయ్యి వదలాలని మాత్రం అనిపించలేదు.

"ఎవులికీ సెప్పకే గుంటా" అన్నాడు మావ. నా జీవితంలో ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదలు. "అంతమంది ఆడోళ్ళు నా ఏలు సూసే సరుకెత్తుకుంటన్నారు. ఈడికి ఏలు పని సెయ్యడం నేదంటే రేపొద్దున్న నా పెట్టె కాడికి ఎవులొస్తారు? మీ అమ్మకీ సెప్పకు."

"సరే, చెప్పను. కానీ రేపు ల్యాబ్‌కి రావాలి."

"సూద్దాం" అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా 'వస్తాను' అనలేదు చూడండి.

సామాను షాపులోనే వదిలి ఇంటికొచ్చాం. అరుగు మీద అమ్మా, పక్కింటావిడా కూర్చుని ఉన్నారు. పక్కింటావిడ మావ దగ్గరే సరుకు తీసుకుని బజార్లో అమ్ముతుంది. ఆవిడ చెవిన ఒక మాట పడిందంటే తెల్లారేసరికి మార్కెట్లో గంపగంపకీ చేరుతుంది. మమ్మల్ని వట్టి చేతులతో చూడగానే అమ్మ లేచి నిలబడింది.

"ఏదే కంప్యూటరు?"

"ప్రాసెసర్ పాడైపోయింది."

"పాడైపోనాదేటి? కొత్తదే గదా? ఎవులు పాడుసేసినారు?"

నీళ్ళు నమిలాను. "చేతిలోంచి..." అన్నాను. ఎవరి చేతిలోంచో అనలేదు. అమ్మ నా చేతిలోంచే అనుకుంది.

"ఓలమ్మో! సేతిలో వస్తువు నిలబెట్టుకోలేనిదానికి ఆటలు కావాలంట! సాల్లే, ఇంక సాలు. మిగిలిన సామానంతా తిరిగిచ్చీసి డబ్బులట్టుకురా. రేపే కంసాలి కాడికెల్దాం. దసరా కూడా సూడక్కర్నేదు."

మావకి టీ ఇచ్చి వచ్చి మళ్ళీ అందుకుంది. చిన్నప్పుడు నేను పగలగొట్టిన గ్లాసుల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఒక్క మాట చాలు, నా కంప్యూటర్ నాకు మిగులుతుంది. ఆ మాట అనకూడదని మెట్ల మీద ఒప్పుకుని వచ్చాను. మావ అరుగు చివర కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి పంచె మడతల్లో దాచుకుని, ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు. ఎంత నెమ్మదిగా తాగుతున్నాడంటే, గ్లాసు లాక్కుని వీధిలో పారబోయాలన్నంత కోపం వచ్చింది. గొలుసు మీద ఏడుపొచ్చింది. ఇంకెప్పటికీ నా కుర్చీ నాకు దొరకదని ఏడుపొచ్చింది.

మావ గ్లాసు కింద పెట్టాడు.

"సెల్లీ, పిల్లనేటీ అనకు. అది పాడుసెయ్యనేదు, నానే నొక్కి ఇరగ్గొట్టీసినాను."

అమ్మ నవ్వేసింది. "సాల్లే అన్నియ్యా. ఎప్పుడూ దానికే ఏసుకొస్తావు. నీ సేతిలో వస్తువు పాడవుతాదంటే ఎవులు నమ్ముతారు?"

"నా ఏలు సచ్చిపోనాదే సెల్లీ. పోయినేడు నుంచీ సేపైతేనేటి, రాయైతేనేటి, నాకేటీ తెల్డం నేదు."

పక్కింటావిడ అల్లుకుంటున్న జడ మధ్యలో వదిలేసి ఆయనకేసి చూసింది. మావ ఆవిడ అక్కడున్నదని చూసే అన్నాడు. చూడకుండా అనలేదు. నేను "మావా, ఊరుకో" అన్నాను. ఊరుకోలేదు. ఒకరు ఊరుకోమంటే ఊరుకున్న చరిత్ర ఆయనకి లేదు.

"అబద్దం" అంది అమ్మ. కానీ నవ్వు పోయింది.

మావ ఎడమ చెయ్యి అమ్మ ముందుకి చాపాడు. "ఇదీ అంతే. కావాలంటే నొక్కి సూసుకో." మొహం వీధివైపు తిప్పుకుని కూర్చున్నాడు. బయట ఎవరో ఆటో వెనక్కి తిప్పుతుంటే ఆటోని చూస్తున్నాడు.

అమ్మ ఆయన బొటనవేలు పట్టుకుంది. ముందు మెల్లగా నొక్కింది. తర్వాత గట్టిగా. తర్వాత రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి, తన గోరు దిగబడి తెల్లబడేదాకా నొక్కింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. మావ వీధిలోకే చూస్తూ అన్నాడు:

"నొక్కవేటే సెల్లీ? బేగి నొక్కు మరి. దాని కంప్యూటరు సంగతి తేలాల."